మార్ఫిన్ ఆడ ఎలుకలో సగమే పనిచేసినట్లు కనిపిస్తే, తప్పు ఎక్కడుంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెబుతాను, ఎందుకంటే జవాబు అందులోని వివరాల మీదే ఆధారపడి ఉంది. మీరు ఎం.ఫార్మసీ ప్రాజెక్టులో ఒక మొక్క సారానికి నొప్పిని తగ్గించే గుణం ఉందేమో పరీక్షిస్తున్నారు. పోలిక కోసం ప్రామాణిక మందుగా మార్ఫిన్‌ను కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున చర్మం కింద ఇచ్చి, 55 డిగ్రీల హాట్ ప్లేట్ మీద ఎలుక ఎన్ని సెకన్లకు పాదం నాకుతుందో లెక్కిస్తున్నారు. మగ విస్టార్ (ప్రయోగశాలలలో వాడే ఒక రకం) ఎలుకలలో మందు బాగా పనిచేసింది, ఆడ ఎలుకలలో ప్రభావం దాదాపు సగమే కనిపించింది. మందు పాడైందా, సూది సరిగా పడలేదా అని మీరు సందేహపడుతున్నారు. మీ గైడ్ మాత్రం ఆడ ఎలుకల ఫలితాలు ఎప్పుడూ నిలకడగా ఉండవు కాబట్టి వాటిని పక్కన పెట్టి మగవాటితోనే ముగించమన్నారు.

మందు పాడవలేదు, మీ చేయీ తప్పలేదు అనే నేను భావిస్తున్నాను. అదే సీసాలోని మందు అదే రోజు మగ ఎలుకలలో పనిచేసింది కదా. మీరు చూసినది ఎలుకలలో మూడు దశాబ్దాలుగా అనేక ప్రయోగశాలలు మళ్లీ మళ్లీ నమోదు చేసిన విషయం. ఒంటికి ఇచ్చిన మార్ఫిన్ విషయంలో, సగం ప్రభావం చూపించే మోతాదు, అంటే మనం ఈడీ 50 అని పిలిచేది, ఆడ ఎలుకలలో మగవాటికంటే సుమారు రెండింతలు ఉంటుందని చాలా అధ్యయనాలు చూపాయి. మోతాదు-ప్రభావ రేఖ నిటారుగా లేచే భాగంలో మీరు ఒకే ఒక మోతాదును ఎంచుకున్నప్పుడు, మగ ఎలుక ఆ రేఖ పైభాగానికి చేరిపోయి ఉంటుంది, ఆడ ఎలుక నడిమెట్టు మీద ఉంటుంది. అందువల్ల మీకు కనిపించినది సగం ప్రభావం. అది మందు ఆడ ఎలుకలో సగమే పనిచేస్తుందని చెప్పడం లేదు, అంతే ప్రభావానికి ఎక్కువ మందు కావాలని చెబుతూ ఉండవచ్చు. ఈ రెండు వాక్యాలకూ మధ్య ఉన్న తేడా చాలా పెద్దది, దాని దగ్గరకు చివరలో వస్తాను.

అయితే దీనిని ఆడ జంతువులలో ఓపియాయిడ్ మందులు, అంటే మార్ఫిన్ కోవకు చెందిన మందులు, తక్కువగా పనిచేస్తాయని ఒక సూత్రంగా రాసేయకండి. తేడా ఎంత ఉంటుందన్నది ఏ మందు ఇచ్చారు, ఏ జాతి ఎలుకకు ఇచ్చారు, ఏ రకం నొప్పితో పరీక్షించారు అన్న వాటిని బట్టి మారుతుంది. గ్రాహకం అంటే కణం మీద మందు వచ్చి అతుక్కునే అణువు, మార్ఫిన్ ప్రధానంగా అతుక్కునేదాన్ని మ్యూ గ్రాహకం అంటారు. ఎలుకలలో మ్యూ గ్రాహకం మీద పనిచేసే మందులను వరుసగా పరీక్షించినప్పుడు ఒక పద్ధతి బయటపడింది. ఫెంటనిల్ వంటి బలమైన మందులతో ఆడ మగ తేడా చిన్నది, మార్ఫిన్‌తో మధ్యస్థం, బ్యూప్రెనార్ఫిన్, బ్యుటార్ఫనాల్, నాల్బుఫిన్ వంటి పాక్షిక ప్రేరకాలతో, అంటే గ్రాహకాన్ని పూర్తిగా ప్రేరేపించలేని మందులతో, చాలా పెద్దది. పరీక్షలో వేడిని పెంచితే, అంటే నొప్పి తీవ్రమైతే, ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. కారణం అర్థం కావాలంటే గ్రాహకాలను కూలీలుగానూ, మందును మేస్త్రిగానూ ఊహించుకోండి. ఒక్కొక్క కూలీ చేత ఎక్కువ పని రాబట్టగల మేస్త్రికి నలుగురు దొరికినా గోడ లేస్తుంది, అంత పని రాబట్టలేని మేస్త్రికి పదిమందీ కావాలి. కూలీలు తక్కువగా ఉన్న ఊళ్లో ముందు ఆగిపోయేది రెండో మేస్త్రి పనే. ఆడ ఎలుక మెదడులో ఈ పనికి అక్కరకు వచ్చే మ్యూ గ్రాహకాలు తక్కువగా ఉన్నాయనుకుంటే, బలహీనమైన మందు వైఫల్యం అక్కడే ముందు బయటపడాలి. నిజంగా అలాగే జరుగుతోంది.

గ్రాహకాలు తక్కువగా ఉన్నాయన్నది ఊహ మాత్రమే కాదు. మధ్య మెదడులో ద్రవం ప్రవహించే సన్నని కాలువ చుట్టూ బూడిద రంగు కణజాలం ఉంటుంది, దానిని పెరియాక్విడక్టల్ గ్రే అంటారు. వెన్నుపాము నుంచి పైకి వచ్చే నొప్పి సంకేతాలను పైనుంచి అణచివేసే మార్గానికి అది మూలస్థానం. ఒంటిలోకి వెళ్లిన మార్ఫిన్ పనిలో పెద్ద భాగం అక్కడే జరుగుతుంది. అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆన్ మర్ఫీ బృందం 2008లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో నాకు అన్నింటికంటే నమ్మకం కలిగించినది. ఆ ప్రాంతం అడుగు పక్క భాగంలో మ్యూ గ్రాహకాలు మగ ఎలుకలలో ఎక్కువగానూ, ఆడవాటిలో తక్కువగానూ ఉన్నాయని వారు మొదట చూపారు. ఆడ ఎలుకలలో కూడా ఎదకు వచ్చే ముందు దశలో, అంటే ప్రోఈస్ట్రస్‌లో, ఆ సంఖ్య మరీ తగ్గి ఉంది. మార్ఫిన్ అతి తక్కువగా పనిచేసినదీ ఆ దశలోనే. ఇంతవరకూ ఇది రెండు విషయాలు కలిసి కనిపించడమే. తరువాత వారు మ్యూ గ్రాహకానికి అతుక్కునే డెర్మార్ఫిన్‌కు సపోరిన్ అనే విషాన్ని జతచేసి, ఆ గ్రాహకం ఉన్న కణాలను మాత్రమే అక్కడ చంపారు. మగ ఎలుకలలో మార్ఫిన్ ప్రభావం బాగా పడిపోయింది, ఆడ ఎలుకలలో పెద్దగా మార్పు రాలేదు. పరిశోధనలో కారణాన్ని ఇంత నేరుగా పట్టుకునే అవకాశం తరచుగా రాదు. మగ ఎలుక మార్ఫిన్ కోసం ఆ కణాల మీద ఎక్కువగా ఆధారపడి ఉంది, ఆడ ఎలుక అంతగా ఆధారపడి లేదు అన్నది ఆ ప్రయోగం తేల్చింది.

అదే బృందం 2017లో రెండో కారణాన్ని బయటపెట్టింది. మెదడులో రోగనిరోధక పని చేసే మైక్రోగ్లియా కణాల మీద టోల్ లాంటి గ్రాహకం 4 అనే అణువు ఉంటుంది. మార్ఫిన్ ఆ కణాలను కూడా రేకెత్తిస్తుంది. రేగిన మైక్రోగ్లియా విడుదల చేసే వాపు రసాయనాలు మార్ఫిన్ చేస్తున్న పనికి ఎదురు పనిచేస్తాయి. ఆడ ఎలుకల పెరియాక్విడక్టల్ గ్రేలో ఈ కణాలు మరింత క్రియాశీలంగా కనిపించాయి. ఓపియాయిడ్ల పనిని ఆపే నాలాక్సోన్ అనే మందు అణువుకు అద్దంలో ప్రతిబింబం లాంటి రూపం ఒకటి ఉంది. అది ఓపియాయిడ్ గ్రాహకాలను ముట్టుకోకుండా ఈ టోల్ గ్రాహకాన్ని మాత్రమే అడ్డుకుంటుంది. దానిని ఆ ప్రాంతంలోకి నేరుగా ఎక్కించినప్పుడు ఆడ ఎలుకలలో మార్ఫిన్ పని మెరుగుపడింది, మగవాటిలో అలాంటి లాభం కనిపించలేదు. కాబట్టి ఆడ ఎలుకలో గ్రాహకాలు తక్కువ కావడం ఒక్కటే కాదు, ఉన్న గ్రాహకాల ద్వారా జరిగే పనికి ఎదురు తోసే శక్తి కూడా అక్కడే ఉంది.

ఇక హార్మోన్ల మాట. చాలామంది ఇదంతా ఈస్ట్రోజెన్ చేసే పని అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అది సగం నిజం. పెద్ద ఎలుకలో ఎద చక్రం నాలుగైదు రోజులకు ఒకసారి తిరుగుతుంది కాబట్టి ఆ రోజున ఉన్న హార్మోన్ల స్థాయికి పాత్ర ఉంది. కానీ మెదడు మగ పద్ధతిలోనో ఆడ పద్ధతిలోనో రూపుదిద్దుకునేది పుట్టిన తొలి రోజులలోనే. థియొడోర్ సిసెరో బృందం 2002లో చూపినది ఇదే. పుట్టిన వెంటనే వృషణాలు తీసేసిన మగ ఎలుకలు పెద్దయ్యాక మార్ఫిన్‌కు తక్కువగా స్పందించాయి, పుట్టిన వెంటనే టెస్టోస్టిరాన్ ఇచ్చిన ఆడ ఎలుకలు ఎక్కువగా స్పందించాయి. ఈ ప్రయోగం మీకు ఎందుకు ముఖ్యమంటే, పెద్ద ఎలుకకు అండాశయాలు తీసేస్తే ఆడ మగ తేడా పూర్తిగా పోతుందని మీరు ఆశించకూడదు. పునాది అప్పటికే పడిపోయి ఉంటుంది.

మందు శరీరంలో ఎలా మారుతుందన్నది కూడా చూడాలి. ఎలుక కాలేయం మార్ఫిన్‌ను ఎక్కువగా మార్ఫిన్-3-గ్లూకురోనైడ్‌గా మారుస్తుంది. ఆ పదార్థం నొప్పిని తగ్గించదు, పైగా మార్ఫిన్ ప్రభావానికి అడ్డు తగులుతుందని కొన్ని ప్రయోగాలు సూచించాయి. ఆడ ఎలుకల రక్తంలో మార్ఫిన్‌తో పోల్చితే దీని పాలు ఎక్కువగా ఉంటుందని కొలిచి చూపారు. అయితే మెదడులోకి నేరుగా మార్ఫిన్ ఎక్కించినా తేడా మిగిలే ఉంటుంది కాబట్టి మొత్తం భారాన్ని కాలేయం మీద వేయడం సరికాదు.

వెన్నుపాము దగ్గరకు వచ్చేసరికి కథ మలుపు తిరుగుతుంది. న్యూయార్క్‌లో అలన్ గింట్జ్‌లర్ 1980లోనే గర్భంతో ఉన్న ఎలుకలకు ప్రసవం దగ్గరపడే కొద్దీ నొప్పిని ఓర్చుకునే హద్దు పెరుగుతుందనీ, అందులో శరీరం తనకు తానే తయారుచేసుకునే ఓపియాయిడ్ల పాత్ర ఉందనీ చూపారు. ఆ దారిలోనే సాగిన ఆయన బృందం 2010లో ఆడ ఎలుకల వెన్నుపాములో మ్యూ గ్రాహకాలూ, కప్పా అనే మరో రకం ఓపియాయిడ్ గ్రాహకాలూ జంటగా అతుక్కుని పనిచేస్తాయనీ, వెన్నుపాములోకి ఇచ్చిన మార్ఫిన్ ఆడ ఎలుకలో పనిచేయాలంటే కప్పా వైపు సహకారం, అంటే కప్పా మీద పనిచేసే, శరీరమే తయారుచేసుకునే డైనార్ఫిన్ సహకారం, కావాలనీ చూపింది. మగ ఎలుకకు ఆ అవసరం లేదు. ఒకే మందు, ఒకే ఫలితం, కానీ లోపల దారులు వేరు. అందుకే నేను విద్యార్థులకు ఎప్పుడూ చెబుతాను, ఆడ మగ ఫలితాలు సమానంగా వచ్చినప్పుడు కూడా లోపల జరిగినది ఒకటేనని అనుకోవద్దు అని.

చిట్టెలుకలలో జన్యువుల పాత్ర మరింత స్పష్టం. వేర్వేరు శుద్ధ వంశాల చిట్టెలుకల మెదడులోకి మార్ఫిన్ ఎక్కించి కెస్ట్, మోగిల్ తదితరులు 1999లో ప్రచురించిన పరిశోధనలో, ఆడ మగ తేడా వంశాన్ని బట్టి మారింది. ఎక్కువ వంశాలలో చెప్పుకోదగ్గ తేడాయే లేదు. మరో ఉదాహరణ మెలనోకార్టిన్-1 గ్రాహకం. వెంట్రుకల రంగును నిర్ణయించే ఈ జన్యువు ఆడ చిట్టెలుకలలో కప్పా మందుల పనితీరును కూడా నిర్ణయిస్తోందని జెఫ్రీ మోగిల్ బృందం 2003లో ప్రచురించింది. అదే పత్రంలో మనుషుల ఫలితం కూడా ఉంది. ఈ జన్యువు రెండు ప్రతులూ మారి ఉన్న స్త్రీలలో, అంటే చాలావరకు ఎర్రజుట్టు ఉన్నవారిలో, కప్పా మందు అయిన పెంటజోసిన్ మిగతావారికంటే బాగా పనిచేసింది. పురుషులలో ఆ జన్యువుకు ఆ సంబంధం లేదు.

మనుషుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక తప్పదు. మీ థీసిస్ చర్చా అధ్యాయంలో ఎలుకల ఫలితం నుంచి నేరుగా స్త్రీలకు మార్ఫిన్ పనిచేయదన్న వాక్యానికి దూకకండి. శస్త్రచికిత్స తరువాత రోగులు తామే మీట నొక్కి మార్ఫిన్ తీసుకునే పద్ధతిలో జరిగిన అధ్యయనాలను కలిపి 2010లో విశ్లేషించినప్పుడు, మార్ఫిన్ స్త్రీలలోనే మరింత బాగా పనిచేసినట్లు తేలింది, అంటే ఎలుకలలో చూసినదానికి ఎదురు. నాల్బుఫిన్, బ్యుటార్ఫనాల్ విషయంలోనూ అంతే. శాన్ ఫ్రాన్సిస్కోలో జ్ఞానదంతాలు తీయించుకున్నవారి మీద జరిపి 1996లో ప్రచురించిన అధ్యయనంలో ఈ మందులు స్త్రీలకు పురుషులకంటే ఎక్కువ ఉపశమనం ఇచ్చాయి. ఎలుకలలో ఇవే మందులు మగవాటిలో మెరుగ్గా పనిచేస్తాయని పైన చెప్పాను. లింగభేదం ఉందన్నంతవరకే జంతువు నుంచి మనిషికి తీసుకెళ్లగలం, అది ఏ వైపు మొగ్గుతుందన్నది తీసుకెళ్లలేం.

ఇప్పుడు మీ గైడ్ సలహా గురించి. వారిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు, నా తరం అంతా అలాగే నేర్చుకుంది. నేనూ తొలి ఏళ్లలో మగ ఎలుకలతోనే పనిచేశాను, ఎద చక్రం వల్ల లెక్కలు చెదురుతాయన్న మాటను పరీక్షించకుండానే నమ్మాను. నొప్పి పరిశోధనకు ప్రధానమైన ఒక పత్రికలో పదేళ్లపాటు వచ్చిన జంతు అధ్యయనాలను 2005లో లెక్కించినప్పుడు కనీసం 79 శాతం మగ జంతువులతో మాత్రమే జరిగినవని తేలింది. అంటే ఈ రంగంలో మనం చదివిన మోతాదులలో చాలావరకు మగ ఎలుక మోతాదులే. ఆడ జంతువుల ఫలితాలు ఎక్కువ చెదురుతాయన్న నమ్మకాన్ని కూడా 2014లో చిట్టెలుకల మీద, 2016లో ఎలుకల మీద పెద్ద ఎత్తున సరిచూశారు. ఎద దశను పట్టించుకోకుండా తీసుకున్న ఆడ జంతువుల కొలతలు మగవాటికంటే ఎక్కువగా చెదరలేదు. మగవాటిలో గుంపులోని పెత్తనం, కొట్లాటలు తమ వంతు చెదురు తెస్తాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2016 జనవరి నుంచి లింగాన్ని ఒక జీవశాస్త్ర అంశంగా పరిగణించి ప్రయోగాన్ని రూపొందించమని నిధుల దరఖాస్తుదారులను కోరుతున్నది కూడా ఇందుకే. ఇప్పటికే ప్రయోగానికి వాడిన ఆడ ఎలుకల ఫలితాన్ని పక్కన పెడితే, ఆ జీవుల బాధకు మన దగ్గర లెక్క లేకుండా పోతుంది. ఇది నాకు చిన్న విషయం కాదు.

కాబట్టి ఆడ ఎలుకలను ఉంచండి, కానీ ఒక్క మోతాదుతో ఆగకండి. మార్ఫిన్‌ను కనీసం మూడు, వీలైతే నాలుగు మోతాదులలో, ఉదాహరణకు 2.5, 5, 10 మిల్లీగ్రాములలో, రెండు లింగాలకూ ఇచ్చి రేఖ గీయండి. దీనికి అదనపు జంతువులు కావాలి కాబట్టి ముందుగా మీ సంస్థ జంతు నైతిక కమిటీ దగ్గర ప్రోటోకాల్ సవరణకు అనుమతి తీసుకోండి, తరువాత చెబుదాంలే అనుకోకండి. ప్రతి ఎలుకకూ మందుకు ముందు కొలత తీసుకుని, మందు తరువాతి సమయంలోంచి దానిని తీసివేసి, కట్-ఆఫ్ సమయంలోంచి, అంటే పాదం కాలకుండా ఎలుకను ప్లేట్ మీదనుంచి తీసేసే గరిష్ఠ సమయంలోంచి, అదే తొలి కొలతను తీసివేసిన విలువతో భాగించి, వందతో హెచ్చవేసి గరిష్ఠ ప్రభావ శాతంగా రాయండి. లేకపోతే తొలి కొలతలోనే ఉన్న తేడా మందు తేడాగా కనిపిస్తుంది. ఒకే వయసు ఆడ ఎలుక మగదానికంటే చాలా తేలికగా ఉంటుంది కాబట్టి బరువును ఆ రోజు ఉదయమే తూచండి, పాత బరువుతో మోతాదు లెక్కించవద్దు.

ఎద దశ తెలుసుకోవడానికి యోని స్మియర్ (యోనిలోని కణాల నమూనా) తీయాలా అని మీరు అడిగారు. మీ ప్రశ్న మొక్క సారం గురించి మాత్రమే అయితే తప్పనిసరి కాదు. తీయాలనుకుంటే మాత్రం మగ ఎలుకలను కూడా అంతే సేపు అదే విధంగా పట్టుకుని తడమండి, ఎందుకంటే పట్టుకోవడం వల్ల కలిగే ఒత్తిడే నొప్పిని తగ్గిస్తుంది. ఇంకో సంగతి, మనిషి వాసన కూడా లెక్కలోకి వస్తుంది. పురుషుల వాసన తగిలితే ఎలుకలలో, చిట్టెలుకలలో ఒత్తిడి వల్ల నొప్పి స్పందన తగ్గుతుందని మోగిల్ బృందం 2014లో చూపింది. అందువల్ల ఒక రోజు మీరు, మరో రోజు మీ మిత్రుడు కొలతలు తీసుకునే పద్ధతి వద్దు. ఒక్కరే, ఒకే వేళలో, ఏ ఎలుకకు ఏది ఇచ్చారో తెలియకుండా కొలవాలి. లెక్కలో మోతాదు, లింగం రెండింటినీ అంశాలుగా పెట్టి వాటి పరస్పర ప్రభావాన్ని కూడా పరీక్షించండి. మగవాటిలో ఫలితం గణాంకపరంగా నిలిచింది, ఆడవాటిలో నిలవలేదు కాబట్టి తేడా ఉందని రాయడం నేను చూసే థీసిస్‌లలో తరచుగా కనిపించే పొరపాటు. ఆ రెండు ఫలితాల మధ్య తేడాను విడిగా పరీక్షించాలి.

ఇదే తర్కం ప్రయోగం తరువాత ఆ జంతువుకు ఇచ్చే నొప్పి నివారణకూ వర్తిస్తుంది, నా దృష్టిలో ఇది మీ థీసిస్ కంటే ముఖ్యం. శస్త్రచికిత్స చేసిన ఎలుకలకు చాలా ప్రయోగశాలలలో బ్యూప్రెనార్ఫిన్ ఇస్తారు. ఆడ మగ తేడా పెద్దగా కనిపించే మందులలో అదీ ఒకటని పైన చూశాం. అందరికీ ఒకే మోతాదు ఇచ్చి పని అయిపోయిందనుకుంటే ఆడ ఎలుక నొప్పితోనే రాత్రి గడుపుతూ ఉండవచ్చు. కళ్లు ముడుచుకోవడం, చెవుల భంగిమ మారడం, ఎలుకలలో ముక్కు బుగ్గలు చదునుగా అవడం వంటి లక్షణాలతో ముఖాన్ని అంచనా వేసే గ్రిమేస్ స్కేల్ చిట్టెలుకలకు 2010లో, ఎలుకలకు 2011లో అందుబాటులోకి వచ్చింది. మోతాదును పుస్తకంలోంచి కాకుండా ఆ ముఖంలోంచి నిర్ణయించండి, తగ్గకపోతే పశువైద్యుడిని అడిగి మళ్లీ ఇవ్వండి.

కుక్కల మాట కూడా మీరు చివరలో అడిగారు. వీధికుక్కల కుటుంబ నియంత్రణ శిబిరాలలో ఆడ కుక్కలకు ఎక్కువ నొప్పి మందు పట్టడం నేనూ చూశాను, కానీ దానిని లింగభేదంగా చదవకూడదు. ఆడ కుక్కకు పొట్ట కోసి అండాశయాలు, గర్భసంచి తీస్తారు. మగ కుక్కకు జరిగేది పైపైన కోత. నొప్పే వేరైనప్పుడు మందు పోలిక నిలవదు. కుక్కలలో ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఇద్దరికీ ఒకే రకమైన శస్త్రచికిత్స, ఉదాహరణకు ఒకే రకం మోకాలి శస్త్రచికిత్స, జరిగిన సందర్భాలను పోల్చాలి.

చివరగా, పైన వాయిదా వేసిన విషయం. రేఖలు రెండూ గీశాక వాటిని పక్కపక్కన పెట్టి చూడండి. ఆడ ఎలుకల రేఖ మగవాటి రేఖకు సమాంతరంగా కుడివైపుకు జరిగి, చివరకు అదే ఎత్తుకు చేరితే, అది మందు శక్తిలో తేడా. ఎక్కువ మోతాదుతో ఆడ ఎలుకకూ పూర్తి ఉపశమనం దొరుకుతుంది. మోతాదు ఎంత పెంచినా ఆడ ఎలుకల రేఖ కిందనే చదునైపోతే, అది గరిష్ఠ సామర్థ్యంలో తేడా, మరింత మార్ఫిన్ దానిని పూడ్చలేదు. మీ 5 మిల్లీగ్రాముల ఫలితం ఒక్కటే ఈ రెండింటిలో ఏది నిజమో చెప్పలేదు. 10 మిల్లీగ్రాముల దగ్గర ఆడ ఎలుకలు ఎక్కడ నిలుస్తాయో చూశాక ఆ అధ్యాయం రాయండి, మీ మొక్క సారాన్ని కూడా అప్పుడు ఏ లింగానికి ఏ మార్ఫిన్ మోతాదుతో పోల్చాలో తెలుస్తుంది.